నోరు తెరిపించే యాప్ ఏది?

గోథే ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే జర్మన్ ఎ1 (తొలి మెట్టు) పరీక్షలో మౌఖిక భాగం దాదాపు 15 నిమిషాలు. కొద్దిమంది అభ్యర్థులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెడతారు. ముందు ఎవరి పరిచయం వారు చెప్పుకోవాలి. ఆ తర్వాత కార్డులు వస్తాయి. నమూనా పరీక్షలోని ఒక కార్డు మీద పైన ‘తిండి, పానీయాలు’ అన్న శీర్షిక, కింద ‘ఫ్రూష్టుక్’ అన్న ఒక్క మాట ఉంటాయి. ఫ్రూష్టుక్ అంటే పొద్దుటి టిఫిను. ఆ మాట వచ్చేలా ఒక ప్రశ్న తయారుచేసి పక్కన కూర్చున్న మనిషిని అడగాలి. ‘వాస్ ఎస్సెన్ జీ ట్సుమ్ ఫ్రూష్టుక్?’ పొద్దున టిఫిన్‌కి మీరేం తింటారు అని. మొత్తం ఐదు మాటలు. ఏ యాప్‌లో జర్మన్ మొదలుపెట్టినా ఇలాంటి మాటలు తొలి పాఠాల్లోనే తగులుతాయి. అయినా నెలల తరబడి యాప్‌లో పాఠాలు పూర్తిచేసినవాళ్లు కూడా సరిగ్గా ఇక్కడే తడబడే ప్రమాదం ఉంది. అందుకు కారణమేమిటో తెలిస్తే, ఏ యాప్ మంచిదన్న ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతే మారుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్లలో కాలక్షేపానికి అడిగేది కాదు. 2023-24 శీతకాల సెమిస్టర్‌లో జర్మనీ ఉన్నత విద్యాసంస్థల్లో చదివిన భారతీయులు 49 వేల పైచిలుకు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. ఇంగ్లిష్‌లో చెప్పే ఎంఎస్ కోర్సులో చేరితే జర్మన్ అవసరం వెంటనే తెలియదు. పార్ట్‌టైమ్ పనికి, చదువయ్యాక ఉద్యోగానికి వెళ్లినప్పుడు తెలుస్తుంది. 2024 జూన్‌లో జర్మనీ మొదలుపెట్టిన ‘ఆపర్చునిటీ కార్డ్’కు జర్మన్ ఎ1 గానీ ఇంగ్లిష్ బి2 (ఎ1, ఎ2, బి1 దాటాక వచ్చే నాలుగో మెట్టు) గానీ చూపించాలి. నర్సులకైతే మినహాయింపే లేదు. జర్మనీ ఆసుపత్రిలో పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి కావాలి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పిస్తున్నది ఇందుకే. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య బస్సులో ఫోన్ తీసి యాప్ తెరిచే నర్సుకు పోయేది డబ్బు కన్నా ముందు కాలం. ఆమె వెచ్చించే ప్రతి అరగంటా మాటగా మారుతోందా లేదా అన్నదే ఇక్కడ అసలు లెక్క.

యాప్ అనగానే ముందుగా వినిపించే పేరు డ్యూయోలింగో. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ లూయిస్ వాన్ ఆన్, ఆయన శిష్యుడు సెవెరిన్ హ్యాకర్ కలిసి తయారుచేసిన ఈ యాప్ 2012 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2024 చివరి మూడు నెలల నాటికి రోజూ వాడేవాళ్లు ప్రపంచమంతటా 4 కోట్లు దాటారు. ఇందులో తరచుగా కనిపించే అభ్యాసం ఒకటి దగ్గరగా చూద్దాం. ‘నేను ఆ మనిషికి తాళంచెవి ఇస్తున్నాను’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం తెర మీద ఉంటుంది. కింద మాటల బిళ్లలు: ఇష్, గేబె, డేమ్, మన్, డేన్, ష్లుస్సెల్, వాటితోపాటు సంబంధం లేనివి రెండు మూడు. బిళ్లలు నొక్కుతూ ‘ఇష్ గేబె డేమ్ మన్ డేన్ ష్లుస్సెల్’ అని పేర్చాలి. ఇక్కడ నేర్చుకునే మనిషి నిజంగా తేల్చుకున్నదేమిటి? తాళంచెవిని జర్మన్‌లో ఏమంటారో గుర్తుతెచ్చుకోనక్కర్లేదు, బిళ్ల మీదే ఉంది. ఆ మాట పుంలింగమో స్త్రీలింగమో తెలియక్కర్లేదు, సరైన రూపం కూడా బిళ్ల మీదే ఉంది. మిగిలింది డేమ్ ముందా డేన్ ముందా అన్నది ఒక్కటే. తెలియకపోయినా సగం సార్లు సరిపోతుంది. అదే వాక్యం ఎదుటి మనిషితో అనాలంటే మాట, లింగం, విభక్తి, క్రమం నాలుగూ రెండు మూడు క్షణాల్లో ఎవరి సాయం లేకుండా పుట్టాలి. డ్యూయోలింగోలో టైపు చేసే అభ్యాసాలూ, పైకి చదివే అభ్యాసాలూ ఉన్నాయి, అవి లేవనడం అన్యాయం. కానీ చేతికి బిళ్లలు అందుతుంటే టైపు చేయబుద్ధి కాదు. తెర మీద ఉన్న వాక్యాన్ని పైకి చదవడం కూడా మాట్లాడటం కిందికి రాదు.

గుర్తుపట్టడం ఒక పని, గుర్తుతెచ్చుకోవడం ఇంకో పని. సుమతీ శతకంలో పద్యం ఎవరైనా చదువుతుంటే రెండో పాదంలో తప్పు దొర్లితే ఇట్టే పట్టుకోగలవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు. వాళ్లనే లేచి పద్యమంతా అప్పజెప్పమంటే ఆ రెండో పాదం దగ్గరే ఆగిపోతారు. దీన్ని ప్రయోగశాలలో కొలిచారు కూడా. 2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె విద్యార్థులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఇచ్చిన పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. రెండో జట్టు చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే ఫలితం తలకిందులైంది. భాషల విషయంలో ఇంతకన్నా సూటిగా తగిలే ఉదాహరణ కెనడాది. ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టి ఫ్రెంచ్ మాధ్యమంలో ఏళ్ల తరబడి చదివిన పిల్లలు వింటే అర్థం చేసుకోవడంలో దాదాపు ఫ్రెంచ్ పిల్లలతో సమానంగా ఉన్నారు. మాట్లాడటంలో, రాయడంలో మాత్రం వ్యాకరణం దగ్గర బాగా వెనకబడ్డారు. 1985లో భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ దీనికి చెప్పిన కారణం ఇది: ఆ పిల్లలు రోజంతా ఫ్రెంచ్ విన్నారు, తప్పు లేకుండా మాట్లాడక తప్పని పరిస్థితి మాత్రం వాళ్లకు చాలా తక్కువ సార్లు ఎదురైంది. తరగతి గదిలో, టీచర్ ముందు, ఏళ్ల పాటు కూర్చున్న పిల్లల సంగతే ఇదైతే, రోజూ పావుగంట బిళ్లలు నొక్కే పెద్దవాళ్లకు ఇంతకన్నా మెరుగ్గా వస్తుందని ఆశించడానికి ఆధారం లేదు.

యాప్‌ల మీద జరిగిన అధ్యయనాలను కూడా ఈ దృష్టితోనే చూడాలి. డ్యూయోలింగో సొంత పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, స్పానిష్, ఫ్రెంచ్ ప్రారంభ పాఠాలన్నీ పూర్తిచేసినవాళ్లు అమెరికా విశ్వవిద్యాలయాల్లో నాలుగు సెమిస్టర్లు చదివిన విద్యార్థులకు దీటుగా నిలిచారు. ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. అయితే అందులో కొలిచింది చదవడాన్నీ వినడాన్నీ మాత్రమే. మాట్లాడటాన్ని కొలవలేదు. 2019లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన లోవెన్, ఆయన సహచరులు ప్రచురించిన చిన్న అధ్యయనంలో తొమ్మిదిమంది పన్నెండు వారాలు డ్యూయోలింగోలో టర్కిష్ నేర్చుకున్నారు. అందరూ ఎంతో కొంత మెరుగుపడ్డారు, ఎక్కువ సేపు చదివినవాళ్లు ఎక్కువ మెరుగుపడ్డారు. కానీ విశ్వవిద్యాలయం మొదటి సెమిస్టర్ టర్కిష్ పరీక్ష పెడితే పాస్ మార్కులు వచ్చింది ఒక్కరికే. తొమ్మిదిమందిని బట్టి లోకం మీద తీర్పు చెప్పకూడదు, నిజమే. అదే లోవెన్ మరుసటి ఏడాది బాబెల్ యాప్‌తో స్పానిష్ మీద ఇంకా పెద్ద అధ్యయనం చేశారు. 85 మంది మొదలుపెడితే చివరిదాకా మిగిలింది 54 మంది. వాళ్లలో సగానికి పైగా మౌఖిక పరీక్షలో కనీసం ఒక మెట్టు ఎక్కారు. నా వాదనకు ఇది అడ్డొస్తుందా? రాదనే నా అభిప్రాయం. బాబెల్ పాఠాలు సంభాషణల చుట్టూ అల్లినవి. వ్యాకరణం విడమరచి చెబుతాయి, మాటను అక్షరం అక్షరం టైపు చేయిస్తాయి. యాప్ వల్ల మాట రాదని కాదు నేనంటున్నది. దేన్ని సాధన చేయిస్తే అదే వస్తుందంటున్నాను.

ఈ కొలబద్ద చేతిలో ఉంటే యాప్‌లను పోల్చడం తేలిక. ఒక్క ప్రశ్న చాలు: ఈ అరగంటలో ఎదురుగా ఏ ఆధారం లేకుండా నా అంతట నేను ఎన్ని వాక్యాలు కట్టాను? ఈ లెక్కన పిమ్స్లర్ అనే యాప్ చాలా పైన నిలుస్తుంది. పాల్ పిమ్స్లర్ 1967లో రాసిన పరిశోధనా పత్రంలో, కొత్త మాటను ఐదు సెకన్లకు, ఇరవై ఐదు సెకన్లకు, రెండు నిమిషాలకు, పది నిమిషాలకు, అలా ఎడం పెంచుకుంటూ రోజులు, నెలల దాకా మళ్లీ మళ్లీ అడగాలని లెక్క కట్టాడు. ఆ లెక్క మీద నడిచే అరగంట ఆడియో పాఠాలివి. ‘ఫలానా మాట జర్మన్‌లో ఎలా అంటారు?’ అని గొంతు అడుగుతుంది, ఆగుతుంది. ఆ ఖాళీలో నోరు తెరవాల్సింది మనమే, సరైన జవాబు ఆ తర్వాతే వినిపిస్తుంది. చూసి చెప్పడానికి ఏమీ ఉండదు. చదవడం, రాయడం మీద శ్రద్ధ తక్కువ, పదసంపద చిన్నది, చందా కట్టాలి. అయినా ఎ1 కార్డు ముందు కూర్చోబోయే మనిషికి దీనంత దగ్గరి సాధన మరో పెద్ద యాప్‌లో కనిపించదు.

దాని పక్కన నిలిచేది ఆంకీ. 2006లో డేమియన్ ఎల్మ్స్ తయారుచేసిన ఈ ప్రోగ్రామ్‌కు రంగులు, బొమ్మలు, సంబరాలు ఉండవు. కార్డుకు రెండు వైపులు, ఎప్పుడు మళ్లీ చూపించాలో తేల్చే లెక్క, అంతే. ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తిగా ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనాలి. దీని బలమంతా కార్డును ఏ వైపు నుంచి చూస్తామన్న దాని మీదే ఉంది. ముందు జర్మన్, వెనక అర్థం ఉంటే అది మళ్లీ గుర్తుపట్టే పనే. ముందువైపు ‘పొద్దున టిఫిన్‌కి మీరేం తింటారు?’ అని తెలుగులో రాసి, జర్మన్ వాక్యం పైకి అన్నాకే కార్డు తిప్పాలన్న నియమం పెట్టుకుంటే అది పరీక్ష గదికి సాధన అవుతుంది. వచ్చిందో లేదో నొక్కాల్సింది మనమే కాబట్టి మనల్ని మనం మోసం చేసుకునే వీలూ ఉంది. రాయడానికి బుసూ పనికొస్తుంది. 2008లో మొదలైన ఈ యాప్‌లో మనం రాసిన నాలుగు వాక్యాలను, మాట్లాడి పంపిన ముక్కను ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్లు దిద్దుతారు. మనిషి దిద్దిన తప్పు మళ్లీ చేయడానికి చేయి వెనకాడుతుంది. ఇక జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె వారి ‘నీకోస్ వేగ్’ ఎ1 నుంచి బి1 దాకా పూర్తి ఉచితం. స్పెయిన్ నుంచి జర్మనీకి వచ్చిన నీకో అనే కుర్రాడి కథను సినిమాలా చూపిస్తూ పాఠాలు చెబుతుంది. వినడానికి ఇంతకన్నా మంచి ఉచిత వనరు ఉందనుకోను. అది మాట్లాడించదు, మాట్లాడిస్తానని చెప్పుకోదు కూడా.

ఈ కొలబద్దకు వచ్చే అభ్యంతరాల్లో గట్టిది అలవాటుకు సంబంధించింది. మానేసిన మంచి యాప్ కన్నా రోజూ తెరిచే మామూలు యాప్ మేలు కదా అంటారు. డ్యూయోలింగో స్ట్రీక్ (తెగకుండా వాడిన రోజుల లెక్క), పాయింట్లు, లీగులు మనిషిని రోజూ తెరిచేలా చేస్తాయి. ఆంకీ చేయలేదు. బాబెల్ అధ్యయనంలో మూడోవంతు మందికి పైగా మధ్యలో మానేశారన్నది కూడా ఈ వాదన వైపే మొగ్గుతుంది. నేను దీన్ని సగం ఒప్పుకుంటాను. రోజూ కూర్చోవడం అన్నింటికన్నా ముందు కావాలి. కానీ స్ట్రీక్ కొలిచేది తెరవడాన్ని. రెండు నిమిషాల తేలిక పాఠంతో కూడా అది నిలుస్తుంది. రాత్రి పదకొండున్నరకు నిద్రమత్తులో స్ట్రీక్ కాపాడుకోవడానికి చేసే పాఠం ఎప్పుడూ తేలికైన పాఠమే అవుతుంది. రోజూ వాడేవాళ్ల సంఖ్య ఆ కంపెనీ వాటాదారులకు ప్రతి మూడు నెలలకూ చెప్పుకునే ముఖ్యమైన అంకె. అంకె పెరగాలంటే పాఠం సులువుగా, సరదాగా ఉండాలి. మాట కోసం వెతుక్కుంటూ పది సెకన్లు తెల్లముఖం వేసే అనుభవం సరదాగా ఉండదు. నేర్చుకునేది మాత్రం ఆ పది సెకన్లలోనే. ఇంకో లెక్క కూడా చూడాలి. బి2 సంగతి అటుంచి, బి1 చేరడానికే 45 నిమిషాల తరగతులు 350 నుంచి 650 దాకా పడతాయని గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా. తక్కువ అంకె తీసుకున్నా 260 గంటల పైమాటే. రోజుకు పావుగంట చొప్పున ఏడాదికి వచ్చేది 91 గంటలు. ఏడాదిన్నరలో జర్మనీ వెళ్లాలనుకునే నర్సుకు స్ట్రీక్ ఒక్కరోజు తెగకపోయినా కాలం సరిపోదు.

ముందు వినాలి, చదవాలి, మాట దానంతటదే వస్తుందన్నది రెండో అభ్యంతరం. పిల్లలు అలాగే నేర్చుకుంటారు కదా అని కూడా అంటారు. తొలి వారాల్లో ఇది సబబే. వినని మాట నోట్లోంచి రాదు. ఎ1 దాకా ఈ దారిలో గట్టెక్కవచ్చు కూడా, ఎందుకంటే అక్కడ నాలుగు భాగాలకూ కలిపి వందకు 60 వస్తే పాసు. వినడం, చదవడం బాగా చేసినవాళ్లు మౌఖికంలో తగ్గినా బయటపడతారు. బి1లో ఆ వెసులుబాటు లేదు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం ఒక్కొక్కటీ వంద మార్కులకు, ఒక్కొక్కదాంట్లో 60 రావాలి. మాట్లాడే భాగంలో పక్క అభ్యర్థితో కలిసి ఒక పని ఎలా చేయాలో మాట్లాడుకుని తేల్చాలి, ఒక అంశం మీద చిన్న ప్రసంగం చేయాలి, వచ్చిన ప్రశ్నలకు జవాబివ్వాలి. ఒకచోట మిగిలిన మార్కులు ఇంకోచోటికి రావు. ఎ1 పాసయ్యాం కదా, ఇదే దారిలో పోదాం అనుకున్నవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే.

ఏఐ వచ్చాక ఈ బాధ తీరిపోయిందనేవాళ్లూ ఉన్నారు. 2023 మార్చిలో డ్యూయోలింగో జీపీటీ-4 సాయంతో పాత్రలు వేసి మాట్లాడించే ఖరీదైన చందా తెచ్చింది. మరుసటి ఏడాది లిలీ అనే బొమ్మ పాత్రతో వీడియో కాల్ కూడా చేర్చింది. చాట్‌జీపీటీ వంటి వాటితో నేరుగా జర్మన్‌లో మాట్లాడవచ్చు. ఇది నిజంగా పెద్ద మేలు. టీచర్ ముందు, తోటివాళ్ల ముందు తప్పు మాట్లాడటానికి సిగ్గుపడి నోరు విప్పని వాళ్లకు, చిన్న ఊళ్లో జర్మన్ తెలిసిన మనిషే దొరకని వాళ్లకు ఇంతకుముందు ఈ అవకాశం లేదు. నా కొలబద్దతో చూసినా దీనికి మంచి మార్కులే పడతాయి. దీని లోటు వేరేచోట ఉంది. అది విసుక్కోదు, తొందరపెట్టదు, మనం విరగ్గొట్టి చెప్పిన వాక్యాన్ని కూడా సందర్భాన్ని బట్టి అల్లుకుని అర్థం చేసుకుని ముందుకు సాగిపోతుంది. బవేరియా ఆసుపత్రిలో యాసలో గొణిగే పెద్దాయనకు అంత ఓపిక ఉండదు. తప్పులు ఆపి దిద్దమని, పూర్తి వాక్యంలోనే జవాబు కావాలని ముందే చెప్పి వాడుకుంటే ఏఐ బాగా పనికొస్తుంది. అది మనిషితో మాట్లాడటానికి సిద్ధం చేస్తుంది, మనిషి స్థానంలో కూర్చోలేదు. హైదరాబాద్‌లో గోథే జెంట్రుమ్ ఉంది, ప్రైవేటు శిక్షణ సంస్థలూ ఉన్నాయి. పూర్తి కోర్సుకు ఫీజు కట్టలేనివాళ్లు కనీసం పరీక్షకు ముందు కొన్ని వారాలైనా మనుషుల మధ్య మాట్లాడే ఏర్పాటు చేసుకోవాలి.

మనకు ప్రత్యేకంగా పట్టే విషయం ఇంకొకటుంది. ఈ యాప్‌లు ఎక్కువగా జర్మన్‌ను ఇంగ్లిష్ ద్వారా నేర్పుతాయి. డేమ్, డేన్ అన్న రెండింటికీ ఇంగ్లిష్‌లో ఉన్నది ‘ద’ ఒక్కటే, అందుకే ఇంగ్లిష్ దారిన వచ్చినవాళ్లకు ఆ తేడా దిక్కుతోచని చిక్కుగా కనిపిస్తుంది. ‘మనిషికి తాళంచెవిని ఇస్తున్నాను’ అనే తెలుగువాళ్లకు కి, ని ప్రత్యయాలు పుట్టుకతో వచ్చినవే. డేమ్ దగ్గర కి, డేన్ దగ్గర ని అనుకుంటే సగం గుండెబరువు తగ్గుతుంది. ‘ఇష్ వైస్, దస్ ఏర్ హోయ్టె కొమ్ట్’ అన్న వాక్యంలో క్రియ చివరికి పోవడం ఇంగ్లిష్ చెవికి వింత. మనకు ‘అతను ఇవాళ వస్తాడని తెలుసు’ అన్నప్పుడు కూడా అతను, ఇవాళ, వస్తాడు అన్న క్రమమే. 2025 ఏప్రిల్‌లో డ్యూయోలింగో ఒక్కసారిగా 148 కొత్త కోర్సులు తెచ్చినప్పుడు తెలుగు నుంచి నేరుగా జర్మన్ నేర్చుకునే వీలు కలిగింది. చాలావరకు ఎ1, ఎ2 స్థాయిలకే పరిమితమైనా ఇది సంతోషించాల్సిన మార్పు. అయితే కోర్సులన్నీ ఒకే మూసలో అన్ని భాషలకూ పోసినప్పుడు, పైన చెప్పిన పోలికలను పనిగట్టుకుని వాడుకునే పాఠం దానంతటది పుట్టదు.

ఆ పాఠం మన టీచర్లు చేయగలరు, పెద్ద ఖర్చు లేకుండా. నర్సులకు జర్మన్ చెప్పే ఒక్క బృందం కూర్చుని, వార్డులో రోజూ అవసరమయ్యే వెయ్యి వాక్యాలను ఆంకీ కార్డులుగా చేయవచ్చు. ముందువైపు ‘నొప్పి ఎక్కడుంది?’ అని తెలుగు, వెనకవైపు ‘వో హాబెన్ జీ ష్మెర్ట్సెన్?’ అని జర్మన్, దాంతోపాటు జర్మన్ మనిషి గొంతులో రికార్డింగ్. ఒకసారి చేసిన కార్డుల కట్టను ఎంతమందికైనా ఉచితంగా పంచవచ్చు, దించుకున్నాక నెట్ లేకుండానే పనిచేస్తుంది. టామ్‌కామ్ వంటి సంస్థ తన తరగతుల్లో చేరే ప్రతి నర్సు ఫోన్‌లోనూ మొదటిరోజే దాన్ని ఎక్కిస్తే, తరగతి సమయమంతా మాట్లాడించడానికి మిగులుతుంది.